పీడీ సారు సెలవు పెట్టిన రోజు

పాఠకుల ప్రశ్నలు, నిపుణుల జవాబులు. ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో సగానికి పైగా పిల్లల ప్రవర్తన గురించే. బడి మొత్తం ఒకే తీరుగా నడవడం ఎలా అన్న ప్రశ్న చుట్టూ తిరిగినవాటిని ఒకచోట చేర్చాం. రాసినవారి పేర్లు, ఊళ్లు తీసేశాం.

ప్రశ్న: మా జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలలో 420 మంది పిల్లలు, నాతో కలిపి 15 మంది టీచర్లం. ఈ ఏడాదే బదిలీ మీద హెచ్‌ఎంగా వచ్చాను. ఇక్కడ క్రమశిక్షణ అంటే పీడీ (ఆటలు నేర్పే) సారే. ఆయన వరండాలో ఉంటే చీమ చిటుక్కుమనదు. ఆయన సెలవు పెట్టిన రోజు బడి సంతే. ఆలస్యంగా వచ్చినవాళ్లను ఒక టీచరు గుమ్మం బయట నిలబెడతారు, పక్క క్లాసులో ఇంకొకరు పట్టించుకోరు. అందరం ఒకే పద్ధతిలోకి రావాలంటే ఎక్కడ మొదలుపెట్టాలి?
– ఒక ప్రధానోపాధ్యాయురాలు, పల్నాడు జిల్లా

జవాబు: మేడమ్, ముందుగా నియమాల బోర్డు మాత్రం రాయించకండి. చాలా బడులు అక్కడ మొదలుపెట్టి అక్కడే ఆగిపోతాయి. పెయింటరును పిలిచి గోడ మీద పదిహేను సూత్రాలు రాయిస్తారు. వాటిలో పన్నెండు ‘రాదు’తో ముగుస్తాయి. నెల తిరిగేసరికి గోడా ఉంటుంది, గోలా ఉంటుంది.

మొదటి పని లెక్క. స్టాఫ్‌రూములో ఒక లాంగ్ నోట్‌బుక్ పెట్టండి. పది పనిదినాల పాటు ఏ గొడవ కంటపడినా చూసిన టీచరు ఒక్క వరస రాయాలి: తేదీ, టైము, చోటు, తరగతి, ఏం జరిగింది. పిల్లవాడి పేరు ఈ దశలో వద్దు. పేరు రాయగానే ‘ఓహో, వాడేనా’ అని పుస్తకం మూసేస్తాం. మనకు కావలసింది ఎక్కడ, ఎప్పుడు అన్నది. పదో రోజు చోట్లవారీగా గీతలు పెట్టి కూడితే గొడవలన్నీ బడి అంతటా సమానంగా పరుచుకుని లేవని తెలుస్తుంది. సాధారణంగా నాలుగు చోట్ల పోగుపడతాయి: నీళ్ల కుళాయిలు, మధ్యాహ్న భోజనం వరస, మరుగుదొడ్ల దారి, టీచరు రావడం ఆలస్యమైన పీరియడు.

ఈ లెక్క చూశాక కొన్ని ‘ప్రవర్తన సమస్యలు’ అసలు ప్రవర్తనవి కావని తేలిపోతుంది. మీ బడిలో ఎన్ని కుళాయిలున్నాయో రాయలేదు, ఆరు అనుకుందాం. ఒక్కో పిల్లకు 20 సెకన్లు పట్టినా, పది నిమిషాల ఇంటర్వెల్‌లో నీళ్లు తాగగలిగేది 180 మంది. మిగతా 240 మందికి మిగిలేది తోపులాటే. దాన్ని ఏ నీతిబోధా ఆపలేదు. 6, 7 తరగతులకు ఒక ఇంటర్వెల్, 8, 9, 10 తరగతులకు పది నిమిషాల తర్వాత ఇంకోటి పెట్టండి. ప్రార్థనకు ముందే సీసాలు నింపుకునే అలవాటు చేయండి. ఈ రెండింటితో కుళాయిల దగ్గరి గీతలు సగానికి సగం తగ్గినా ఆశ్చర్యపోనక్కర్లేదు. భోజనం వరస కూడా అంతే. వడ్డించే చోటు ఒకటే ఉంటే రెండు చేయండి, తరగతికీ తరగతికీ మధ్య ఐదు నిమిషాల తేడా పెట్టండి.

ఆ తర్వాతే మాటలు. బడి మొత్తానికి మూడు చాలు, ఐదు దాటితే ఎవరికీ గుర్తుండవు. ‘భద్రంగా, గౌరవంగా, బాధ్యతగా’ అన్నవి ఉదాహరణకు. ఈ మాటలు ఇలాగే వదిలేస్తే ఉపన్యాసాలవుతాయి. కాబట్టి ఒక చార్టు మీద అడ్డంగా ఈ మూడు మాటలు, నిలువుగా చోట్లు రాసి, ఒక్కో గడిలో కంటికి కనిపించే పని ఒకటో రెండో రాయండి. భోజనం వరసలో భద్రంగా అంటే ముందున్న పిల్లకు చేయి చాచినంత దూరం. గౌరవంగా అంటే వడ్డించే ఆమెతో ‘చాలమ్మా’ అనడం. బాధ్యతగా అంటే తిన్నచోట పడ్డ మెతుకులు ఎత్తి డబ్బాలో వేయడం. ‘వరండాలో పరిగెత్తరాదు’ అని కాకుండా ‘వరండాలో ఎడమ పక్కన నడుస్తాం’ అని రాయండి. ఏం చేయకూడదో చెబితే, బదులుగా ఏం చేయాలో పిల్లవాడే ఊహించుకోవాలి. ఆ ఊహ మనకు నచ్చకపోవచ్చు.

గడులు నింపే పని మీరొక్కరే చేసి స్టాఫ్ మీటింగులో చదివి వినిపించకండి. అది ‘పైనుంచి వచ్చిన సర్క్యులర్’ అయిపోతుంది. నలుగురు టీచర్లు, ప్రతి తరగతి నుంచి ఒక అమ్మాయి, ఒక అబ్బాయి, ఇద్దరు తల్లిదండ్రులు కూర్చుని రాయాలి. చివరి రూపానికి 15 మందిలో కనీసం 12 మంది ఒప్పుకునేదాకా మొదలుపెట్టకండి. ఈ విధానాన్ని అమెరికాలో 1990ల నుంచి ‘పాజిటివ్ బిహేవియర్ సపోర్ట్’ పేరుతో నడుపుతున్న బడుల్లోనూ వందకు 80 మంది సిబ్బంది ఒప్పుకోలు అన్నదే తొలి షరతు. ఎనిమిది మంది అమలుచేసి ఏడుగురు చేయకపోతే పిల్లలు నేర్చుకునేది నియమాన్ని కాదు, ఏ టీచరు దగ్గర ఎలా ఉండాలన్నదాన్ని. ఇప్పుడు మీ బడిలో నడుస్తున్నది అదే.

తర్వాత నేర్పడం. గుణకారం చెప్పినట్టే ఇదీ చెప్పాలి. ఒక్కో చోటుకు 15 నిమిషాలు, ఆ చోటికే తీసుకెళ్లి. ముందు టీచరు తప్పు పద్ధతి చేసి చూపించాలి (కుళాయి దగ్గర తోసుకుంటూ వచ్చే సోషల్ సారును చూసి పిల్లలు నవ్వుతారు, నవ్వనివ్వండి). తర్వాత పిల్లలు సరైన పద్ధతి చేసి చూపించాలి. తప్పు పద్ధతిని మాత్రం పిల్లల చేత చేయించకండి. సరదాగా చేసిందే బాగా గుర్తుండిపోతుంది. బడి తెరిచిన మొదటి వారం ఇందుకు మంచి సమయం. అది దాటిపోతే దసరా, సంక్రాంతి సెలవుల తర్వాతి మొదటి రెండు రోజులు.

నిశ్శబ్దానికి బడంతటికీ ఒకే సైగ పెట్టుకోండి. చేయి పైకెత్తితే ఐదు సెకన్లలో అందరి చేతులూ పైకి, నోళ్లు మూత. ఇది చెడిపోయేది ఒకే ఒక కారణంతో: గోల పూర్తిగా ఆగకముందే టీచరు మాట్లాడటం మొదలుపెడతారు. ఒకసారి అలా జరిగితే సైగకు విలువ పోతుంది.

ఇంటర్వెల్ డ్యూటీకి నలుగురిని వేయండి, ఒక్కొక్కరికి ఒక చోటు. బెల్లు కొట్టడానికి రెండు నిమిషాల ముందే అక్కడ ఉండాలి. నడుస్తూ ఉండాలి, చుట్టూ చూస్తూ ఉండాలి, నలుగురైదుగురు పిల్లల్ని పలకరించాలి. చెట్టు కింద నిలబడి ఫోన్ చూసుకుంటే దాన్ని నీడ అంటారు, డ్యూటీ అనరు.

మెచ్చుకోలు సంగతి ఒకటి. ఒక దిద్దుబాటు మాటకు నాలుగు మెప్పు మాటలు పడాలన్నది ఈ పనిలో ఉన్నవారు పెట్టుకున్న కొలత. ‘గుడ్’ అంటే లెక్కలోకి రాదు. ‘వరసలో చిన్నక్లాసు పాపకు చోటిచ్చావు, బాగుంది’ అనాలి. ఎన్ని పడుతున్నాయో తెలియాలంటే ఎడమ జేబులో పది చింతగింజలు వేసుకుని, మెచ్చుకున్నప్పుడల్లా ఒకటి కుడి జేబులోకి మార్చండి. చీరకు జేబు ఉండదు కాబట్టి మేడమ్‌లు చాక్‌పీసు డబ్బా వాడుకోవచ్చు. మొదటి రోజు చాలామంది టీచర్లకు రెండో మూడో గింజలే మారతాయి.

ఇక పీడీ సారు. ఆయన్ని పక్కన పెట్టకండి, ఆయన పని మార్చండి. పిల్లలకు ఆయన మాటంటే గురి. డ్యూటీల పట్టిక, చోట్లలో నేర్పే పాఠాలు ఆయన చేతిలో పెట్టండి. ‘పీడీ సారుకు చెబుతా ఉండు’ అనడం మిగతా టీచర్లందరూ మానేయాలి. అలా అన్న ప్రతిసారీ తమ వల్ల కాదని పిల్లల ముందు ఒప్పుకున్నట్టే.

ప్రశ్న: దండం దశగుణం భవేత్ అన్నారు. ఇప్పుడు చేయి ఎత్తితే కేసు, గట్టిగా అరిస్తే వీడియో. బెత్తం పోయింది, సరే. దాని బదులు మా చేతిలో ఏముంది? ప్రేమగా చెప్పండి అని మాత్రం రాయకండి.
– ఒక స్కూల్ అసిస్టెంట్ (గణితం), కర్నూలు జిల్లా

జవాబు: రాయం సార్. ముందు చట్టం సంగతి రెండు మాటల్లో. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2002లోనే విద్యా నియమాలను సవరించి బడుల్లో దండనను నిషేధించారు. విద్యాహక్కు చట్టం 2009లోని 17వ సెక్షన్ శారీరక శిక్షతో పాటు మానసిక వేధింపునూ నిషేధించింది. ఎనిమిదో తరగతి పూర్తయ్యేదాకా పిల్లవాడిని బడి నుంచి తీసేయకూడదని 16వ సెక్షన్ చెబుతుంది. కాబట్టి ‘టీసీ ఇచ్చేస్తా’ అన్న బెదిరింపు కూడా ఉత్తిదే. తొమ్మిది, పది తరగతుల పిల్లలు ఆ చట్టం కిందికి రారని కొందరు అనుకుంటారు. కానీ 18 ఏళ్లలోపు అందరికీ బాలల న్యాయ చట్టం 2015 ఉంది. తన సంరక్షణలో ఉన్న బిడ్డను అనవసరమైన బాధకు గురిచేస్తే దాని 75వ సెక్షన్ కింద మూడేళ్ల వరకు జైలు పడవచ్చు. గోడకుర్చీ, మోకాళ్ల మీద నిలబెట్టడం, ఎండలో పరుగు, గుంజీలు అన్నీ శిక్షలే. గుంజీలకు ‘బ్రెయిన్ యోగా’ అని పేరు మార్చినా నూరు తీయిస్తే అది శిక్షే. కండరాలు దెబ్బతిని పిల్లలు ఆసుపత్రికి చేరే ప్రమాదం ఉంది.

ఇప్పుడు మీ చేతిలో ఏముందో. బెత్తానికి ఉన్న బలం నొప్పి అనుకుంటాం గానీ, నిజానికి అది వెంటనే పడటంలోనూ, తప్పకుండా పడటంలోనూ ఉంది. ఆ రెండు గుణాలూ నొప్పి లేకుండా తెచ్చుకోవచ్చు. అందుకు మెట్లు కావాలి, అవి బడిలోని టీచర్లందరికీ ఒకటే కావాలి.

చిన్న తప్పు, పెద్ద తప్పు అని ముందే రెండుగా విడదీయండి. పక్కవాడితో మాట్లాడటం, హోంవర్కు లేకపోవడం, ఆలస్యంగా రావడం, ఎగతాళిగా నవ్వడం చిన్నవి. వీటిని చూసిన టీచరే తేల్చాలి. కొట్లాట, దొంగతనం, పదేపదే వేధించడం, గుట్కా, బ్లేడు లాంటి వస్తువులు, బడి నుంచి పారిపోవడం పెద్దవి. ఇవి హెచ్‌ఎం దగ్గరికి, రాతపూర్వకంగా. ఈ గీత లేని బడిలో పెన్ను దొంగతనానికీ పెన్ను మరిచిపోవడానికీ ఒకే తిట్టు పడుతుంది.

చిన్న తప్పుకు మెట్లు ఇలా. పాఠం ఆపకుండా ఆ బెంచీ పక్కకు నడిచి నిలబడటం మొదటిది. సగం అక్కడే ఆగుతాయి. రెండోది దగ్గరగా వంగి తక్కువ గొంతుతో చేయాల్సిన పని చెప్పడం: ‘మూడో లెక్క, నోట్సులో.’ చెప్పి వెంటనే పక్కకు వెళ్లిపోండి. అక్కడే నిలబడి కళ్లలోకి చూస్తూ ఉంటే పదో తరగతి కుర్రాడికి పరువు అడ్డొస్తుంది, ఎదురు తిరుగుతాడు. మూడోది రెండు దారులు ఇవ్వడం: ‘ఇప్పుడు చేస్తావా, లంచ్‌లో పది నిమిషాలు నా దగ్గర కూర్చుని చేస్తావా?’ నాలుగోది అన్న మాట నిలబెట్టుకోవడం. లంచ్‌లో కూర్చోబెట్టండి, కానీ ముందు అన్నం తిననిచ్చి. ఐదోది అదే వారంలో మూడోసారి జరిగితే ఇంటికి ఫోన్. ఆ ఫోన్‌లో ఫిర్యాదు ఒకటి, మంచి మాట ఒకటి ఉండాలి. ఇంట్లో ఎవరికి ఫోన్ చేస్తే బెల్టు తీస్తారో మీకు తెలిస్తే వారికి చేయకండి, అమ్మకో అమ్మమ్మకో చేయండి.

చెడగొట్టుకున్నది బాగుచేయించడం కూడా మెట్టే. బెంచీ మీద గీసినవాడు ఆ బెంచీ తుడవాలి. అంతే గానీ మరుగుదొడ్లు కడిగించకూడదు. తప్పుకూ ఫలితానికీ లంకె ఉండాలి, అవమానం ఉండకూడదు.

ఇక ఎక్కడ బెడిసికొడుతుందో చూడండి. పాఠం తప్పించుకోవాలనుకునే పిల్లవాడిని ‘గెట్ అవుట్’ అంటే వాడు కోరిందే ఇచ్చినట్టు. రేపు ఇంకాస్త త్వరగా అల్లరి చేస్తాడు. నూరుసార్లు ఇంపోజిషన్ రాయిస్తే రాత మీదే విసుగు పుడుతుంది. ఒకడు చేసినదానికి క్లాసంతటినీ నిలబెడితే, ఏమీ చేయని నలభై మంది మీ మీద నమ్మకం పోగొట్టుకుంటారు. పీఈటీ (ఆటల) పీరియడు తీసేయడం అన్నిటికంటే తెలివితక్కువ పని, కాళ్లు చేతులు ఆడక అల్లరి చేసేవాడిని ఇంకాస్త కట్టేసినట్టు. అన్నిటినీ మించినది, అన్న మాట చేయకపోవడం. ‘ఈసారి ఊరుకోను’ అని ఏడుసార్లు అంటే ఎనిమిదోసారి పిల్లలు మీ బదులు ఆ మాట అంటారు.

ప్రశ్న: ఎనిమిదో తరగతిలో ఒక అబ్బాయి ఉన్నాడు. అన్ని మెట్లూ అయిపోయాయి, వాళ్ల నాన్నను నాలుగుసార్లు పిలిపించాం. రెండు రోజులు బాగుంటాడు, మళ్లీ మామూలే. ఇలాంటి వాళ్లకు ఏం చేయాలి?
– ఒక క్లాస్ టీచరు, సిద్దిపేట జిల్లా

జవాబు: బడంతటికీ పెట్టిన పద్ధతి వందకు ఎనభై మందికి సరిపోతుందని, పదిహేను మందికి దానిమీద ఇంకాస్త సాయం, ఐదుగురికి ఒక్కొక్కరికీ విడిగా ప్రణాళిక కావాలని ఈ రంగంలో ఒక అంచనా ఉంది. ఈ అబ్బాయి ఆ పదిహేనులోనో ఐదులోనో ఉన్నాడు. మెట్లు మళ్లీ మొదటి నుంచి ఎక్కించి ప్రయోజనం లేదు.

పది రోజులు మూడు గడుల నోటు రాయండి: అల్లరికి ముందు ఏం జరిగింది, ఏం చేశాడు, చేశాక అతనికి ఏం దక్కింది. మూడో గడే కీలకం. అల్లరి ఊరికే రాదు. దానివల్ల ఏదో ఒకటి దొరుకుతుంది. క్లాసు నవ్వుతుంది, లేదా పాఠం తప్పుతుంది, లేదా కావలసిన వస్తువు దొరుకుతుంది, కొందరికి కదలికే హాయి. నోటులో ప్రతిసారీ ‘బోర్డు దగ్గరికి రమ్మన్నాక’ అని మొదటి గడిలో, ‘బయటికి పంపాం’ అని మూడో గడిలో ఉంటే సంగతి తేలిపోయినట్టే. ఎనిమిదో తరగతిలో భిన్నాలు కూడటం రాని పిల్లలు తక్కువ మందేమీ కాదు. రాదని నలుగురిలో బయటపడటం కంటే అల్లరివాడు అనిపించుకోవడమే వాడికి గౌరవం. అలాంటివాడికి ఏ నక్షత్రం ఇచ్చినా పనిచేయదు. నాలుగో తరగతి లెక్కల నుంచి రోజుకు ఇరవై నిమిషాలు విడిగా చెప్పడమే అతని ప్రవర్తన ప్రణాళిక.

నోటు వేరే చెబితే, అంటే పెద్దవాళ్ల దృష్టి కోసమే చేస్తున్నాడనిపిస్తే, రోజు కార్డు పెట్టండి. ఉదయం మూడు నిమిషాలు ఒక టీచరును కలుస్తాడు, కార్డు తీసుకుంటాడు. ప్రతి పీరియడు చివర ఆ పాఠం చెప్పిన టీచరు బడి మూడు మాటలకూ (భద్రంగా, గౌరవంగా, బాధ్యతగా) ఒక్కోదానికి 0, 1 లేదా 2 వేస్తారు. ఏడు పీరియడ్లకు మొత్తం 42. సాయంత్రం, ఉదయం కలిసిన టీచరునే మళ్లీ కలిసి కూడి చూసుకుంటాడు, ఇంట్లో సంతకం. చివరికి చేరాల్సింది 34 దగ్గరికి, అంటే వందకు ఎనభై. కానీ మొదటి రోజే ఆ గీత పెట్టకండి. ఇప్పుడు 20 తెచ్చుకుంటున్నాడా, లక్ష్యం 23. నాలుగైదు రోజులు వరుసగా అందుకున్నాక 26. ఎక్కలేని మెట్టు చూపిస్తే మొదటి పీరియడులో సున్నా పడగానే ‘ఎలాగూ పోయింది’ అని మిగతా ఆరింటినీ వదిలేస్తాడు.

ఉదయం కలిసే టీచరు ఎవరన్నది ముఖ్యం. పిల్లవాడికి ఇష్టమైనవారు కావాలి, తీరిక ఉన్నవారు కాదు. కార్డు తిట్టడానికి సాక్ష్యంగా మారిన రోజు కార్డు పోయిందని చెబుతాడు. రెండు వారాల్లో అంకెలు కదలకపోతే కార్డు మీద పట్టుబట్టకుండా నోటు మళ్లీ చదవండి.

ఇంకొకటి, ఇది నిజానికి మొదటే చేయాల్సింది. చూపు, వినికిడి పరీక్ష. బోర్డు కనపడనివాడు పక్కవాడి నోట్సు చూస్తాడు, మనం కాపీ అంటాం. రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం బృందం బడికి వచ్చినప్పుడు ఈ పిల్లవాడి పేరు ముందే రాసి ఇవ్వండి. నేర్చుకోవడంలో ఇబ్బంది ఉందనిపిస్తే మండలంలోని భవిత కేంద్రం (ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం నడిచేది) ప్రత్యేక టీచర్లను అడగండి.

ప్రశ్న: టీచరు లేనప్పుడు మాట్లాడేవాళ్ల పేర్లు బోర్డు మీద రాయమని లీడరుకు చెబుతాం. మంచిదేనా?
– ఒక డీఎస్సీ కొత్త టీచరు

జవాబు: కాదు. లీడరు స్నేహితుల పేర్లు ఆ బోర్డు మీద ఎప్పుడూ ఉండవు, గమనించండి. పేరు తుడిపించుకోవడానికి చాక్లెట్ నుంచి రూపాయల దాకా బేరాలు నడుస్తాయి. లీడరుకు పంచే పనులు ఇవ్వండి, పట్టే పనులు వద్దు. టీచరు రావడం ఐదు నిమిషాలు ఆలస్యమైతే ఏం చేయాలో బోర్డు పక్కన ఎప్పుడూ ఉండేలా రాసి పెట్టండి: నిన్నటి పాఠంలో ఐదు ప్రశ్నలు తయారు చేయడం లాంటిది.

ప్రశ్న: మా అమ్మాయి నాలుగో తరగతి, ప్రైవేటు బడి. క్లాసు గోడ మీద అందరి పేర్లూ, స్టార్లూ ఉంటాయి. మా పాప నెమ్మది, అల్లరి చేయదు, ముందుకూ రాదు. ఏడాదికి నాలుగు స్టార్లు. అల్లరి చేసే బాబుకు మాత్రం అల్లరి చేయనందుకు రోజూ స్టారు. ఇదేం న్యాయం అని ఏడుస్తుంది.
– ఒక తల్లి, హైదరాబాద్

జవాబు: పాప లెక్క సరైనదే. పేర్లతో గోడ మీద పెట్టే చార్టు మొదటి ముగ్గురికి బహుమతి, చివరి ముగ్గురికి శిక్ష, మధ్యలో ముప్పై మందికి ఏమీ కాదు. దాన్ని తీసేయమని అడగవచ్చు. అడిగేటప్పుడు బదులేం చేయాలో కూడా చెబితే వినే అవకాశం ఎక్కువ.

బదులుగా ఒకటి ఉంది, 1969లో అమెరికాలోని కాన్సస్‌లో ఒక నాలుగో తరగతి గదిలోనే మొదట పరీక్షించిన ఆట. క్లాసును రెండు మూడు జట్లు చేస్తారు. పది నిమిషాల పనిలో నియమం తప్పినప్పుడల్లా ఆ జట్టుకు ఒక గీత. నాలుగు గీతలు దాటని జట్లన్నీ గెలిచినట్టే, అన్నీ గెలవచ్చు. గెలుపుకు రెండు నిమిషాల అంత్యాక్షరి చాలు, కొనాల్సిందేమీ లేదు. ఒకడు కావాలని గీతలు తెస్తుంటే అతనొక్కడినీ కొన్నాళ్లు ఒక జట్టుగా పెడతారు, లేకపోతే జట్టువాళ్లు ఇంటర్వెల్‌లో వాడి మీద పడతారు. అల్లరి బాబుకు విడిగా ఏదైనా ఇవ్వాల్సి ఉంటే అది అతని కార్డులో, టీచరుకూ అతనికీ మధ్య ఉండాలి. మందులసీసా అందరికీ చూపించి తాగించం కదా.

ప్రశ్న: మా బడిలో పిల్లలు ఒకరినొకరు రంగును బట్టీ కులాన్ని బట్టీ మారుపేర్లతో పిలుచుకుంటారు. ఒక పాప వారం రోజులుగా రావడం లేదు. స్టాఫ్‌లో కొందరు ‘పిల్లల ఆటలు, పెద్దవి చేయకండి’ అంటున్నారు.
– ఒక తెలుగు టీచరు, నల్గొండ జిల్లా

జవాబు: ఇద్దరూ నవ్వితే ఆట. ఒకరే నవ్వుతుంటే, మళ్లీ మళ్లీ జరుగుతుంటే, రెండోవాళ్లకు ఎదురు చెప్పే బలం లేకపోతే అది వేధింపు. కులం పేరుతో అవమానించడం దానికి పైమాట, అది చట్టం దాకా వెళ్లే విషయం.

ఈ వారం చేయాల్సింది: ఆ పాప ఇంటికి ఇద్దరు వెళ్లండి, ఒకరు తప్పనిసరిగా మహిళ. ‘ఎందుకు రావట్లేదు’ అని కాదు, ‘వస్తే ఎవరి పక్కన కూర్చుంటావు’ అని అడగండి. అన్నవాళ్లతో ఒక్కొక్కరిగా, విడివిడిగా మాట్లాడండి. అందరినీ కలిపి పిలిస్తే గుంపు ధైర్యం వస్తుంది. అన్నవాళ్లనూ పడ్డ పాపనూ ఎదురెదురుగా నిలబెట్టి ‘సారీ చెప్పు, చేతులు కలుపు’ అని ముగించకండి. ఇద్దరి మధ్య గొడవకు అది సరే. వేధింపులో ఆ చేయి కలపడం కూడా పాపకు ఇంకో అవమానమే. మూడు నాలుగు వారాల పాటు, మూడు రోజులకోసారి పాపను పక్కకు పిలిచి అడగండి. మొదటి వారం ఆగి, మూడో వారం గుసగుసల్లో మళ్లీ మొదలవడం మామూలు.

చూస్తూ ఊరుకునే పిల్లలకూ ఒక పని నేర్పాలి. ‘ఎదురు తిరగండి’ అని కాదు, అది వాళ్ల మీదికి వస్తుంది. నవ్వకుండా ఉండటం, ఆ పాపను ‘రా, పోదాం’ అని అక్కడి నుంచి తీసుకెళ్లడం, టీచరుకు చెప్పడం. ఈ మూడూ కుళాయి పాఠంలాగే చేయించి చూపించాలి.

ఇక పెద్దల వంతు. స్కాలర్‌షిప్ ఫారాల కోసం ‘ఎస్సీ పిల్లలు నిలబడండి’ అని క్లాసులో అనడం మీ బడిలో ఉందేమో చూడండి. అది ఆఫీసు రిజిస్టరులో చూసి రాసుకోగలిగే సమాచారం. ‘ఒరే నల్లోడా’ అని ముద్దుగా పిలిచే సారు ఉంటే ఆయనతోనూ మాట్లాడాలి. పిల్లలు ఆ పేర్లు ఎక్కడి నుంచో తెచ్చుకోలేదు.

ఫిర్యాదుల పెట్టె పెట్టాలనుకుంటే హెచ్‌ఎం గది గుమ్మంలో పెట్టకండి. అక్కడ చీటీ వేసినవాళ్లు అందరికీ కనిపిస్తారు. మంచినీళ్ల దారిలోనో లైబ్రరీ మూలలోనో పెట్టి, వారానికి రెండుసార్లు ఇద్దరు కలిసి తెరవాలి. మొదటి నెల ‘సైన్స్ సారుకు పెళ్లి చేయండి’ లాంటివే వస్తాయి, ఓపిక పట్టండి. లైంగిక వేధింపు అనిపించే చీటీ ఒక్కటి వచ్చినా అది బడిలో తేల్చుకునే విషయం కాదు. పోక్సో చట్టం 2012 ప్రకారం పోలీసులకు తెలపడం తప్పనిసరి, తెలపకపోవడమే నేరం. పిల్లల హెల్ప్‌లైన్ 1098 ఉంది. ఆ అంకెలు పెట్టె మీదే రాయించండి.

ప్రశ్న: రెండేళ్ల కిందట మేమూ బడంతటికీ ఒకే పద్ధతి మొదలుపెట్టాం. మూడు నెలలు బ్రహ్మాండం. తర్వాత చార్టులు వెలిసిపోయాయి, మేమూ వెలిసిపోయాం. తప్పు ఎక్కడ జరిగింది?
– ఒక సీనియర్ స్కూల్ అసిస్టెంట్, విజయనగరం జిల్లా

జవాబు: మూడు నెలల్లో చల్లబడటం తప్పు కాదు, సహజం. ఇది నిలదొక్కుకోవడానికి మూడు నుంచి ఐదేళ్లు పడుతుంది. ఈలోపు బదిలీల కౌన్సెలింగు ఒకటి వచ్చిపడుతుంది, సగం స్టాఫ్ మారుతుంది. అందుకే పద్ధతి మనుషుల్లో కాక కాగితంలో ఉండాలి. ఒకే ఒక్క పేజీ: మూడు మాటలు, చోట్ల గడులు, మెట్లు, పెద్ద తప్పుల జాబితా. కొత్తగా చేరిన టీచరుకు జాయినింగు రోజే టైంటేబులుతో పాటు ఇవ్వాలి.

మీ ఉత్తరంలో నెలవారీ మీటింగు ప్రస్తావన లేదు. అక్కడే జారి ఉంటుంది. నెలకొకసారి ఇరవై నిమిషాలు చాలు. ఆ నెల లాంగ్ నోట్‌బుక్ నుంచి నాలుగు అంకెలు: ఏ చోట ఎన్ని, ఏ టైములో ఎన్ని, ఏ తరగతిలో ఎన్ని, ఎంతమంది పిల్లల పేర్లు మూడుసార్లకు మించి వచ్చాయి. (మొదటి పది రోజుల్లో పేర్లు వద్దన్నాం, పద్ధతి నడిచాక పెద్ద తప్పులకు పేర్లు కావాలి.) ఆ నాలుగు అంకెల్లో ఒక్కటి ఎంచుకుని వచ్చే నెలకు ఒక్క మార్పు. రెండు కాదు. మీటింగు పాఠ్యాంశాల సిలబస్ మీదికి మళ్లకుండా చూసేందుకు గడియారం పట్టుకుని ఒకరు ఉండాలి.

అంకెలు చదవడంలో ఒక మెలిక. మొదలుపెట్టిన రెండో నెలలో గొడవల సంఖ్య పెరిగినట్టు కనిపించవచ్చు. అంతకుముందు రాయనివి ఇప్పుడు రాస్తున్నారు, అంతే. అప్పుడు కంగారుపడి ఆపేసిన బడులు ఉన్నాయి. ఉన్నట్టుండి సున్నా అయితేనే అనుమానించాలి; పిల్లలు మారలేదు, టీచర్లు రాయడం మానేశారు.

సెలవుల తర్వాత మళ్లీ నేర్పడం రెండేళ్లలో ఎన్నిసార్లు చేశారో చూసుకోండి. దసరా తర్వాత ఒకరోజు, సంక్రాంతి తర్వాత ఒకరోజు, చోటుకు ఐదు నిమిషాలైనా సరే. ఆరో తరగతిలో కొత్తగా చేరే పిల్లలకు మాత్రం జూన్‌లో పూర్తిగా 15 నిమిషాల పాఠాలే, తొమ్మిదో తరగతి పిల్లల చేత చెప్పించండి. చెప్పేవాళ్లు వరస తప్పడానికి కాస్త మొహమాటపడతారు.

తల్లిదండ్రుల కమిటీ సమావేశంలోనూ ఆ ఒక్క పేజీ పంచండి. విద్యాహక్కు చట్టం ప్రకారం కమిటీలో వందకు 75 మంది తల్లిదండ్రులే కాబట్టి ఇంట్లోనూ అవే మాటలు వినపడతాయి. చదవడం రానివారి కోసం చోట్ల బొమ్మలు గీయించండి, డ్రాయింగు బాగా వేసే పిల్లలు ప్రతి తరగతిలో ఇద్దరుంటారు. వెలిసిపోయిన చార్టుల పక్కన కొత్తవి అతికించకండి, పాతవి చింపేసి అతికించండి.